రెండు గదుల ఇంట్లో పిల్లలకి హోంవర్క్ చోటు ఎలా రెడీ చేయాలి

పిల్లలకి స్టడీ టేబుల్ కొందామనుకుంటున్నారా, అయితే షాపుకి వెళ్లే ముందు ఒక్క పని చేయండి, ఇంట్లో టేపు ఉంటే తీసి పిల్లాడిని కొలవండి. టేబుల్‌ని కాదు, పిల్లాడిని. ఎంత మంచి టేబుల్ అయినా వాడి ఒంటికి సరిపోకపోతే నాలుగు రోజులు కూర్చుని మళ్లీ మంచం మీదకే వెళ్లిపోతాడు, బోర్లా పడుకుని రాస్తాడు, టేబుల్ మీదేమో ఇస్త్రీ బట్టలు చేరతాయి.

మన ఇళ్లల్లో పిల్లలు రాసుకునేటప్పుడు గమనించండి, పది నిమిషాలకోసారి లేస్తారు, కాళ్లు ఊపుతారు, ఓ కాలు మడిచి కింద పెట్టుకుంటారు, మోకాళ్ల మీద నిలబడి రాస్తారు, తల చేతి మీద వాల్చేస్తారు, మనమేమో "ఒక్కచోట కుదురుగా కూర్చోవా" అని అరుస్తాం. కానీ పెద్దవాళ్ల కుర్చీలో కూర్చున్న రెండో క్లాసు పిల్లకి కాళ్లు నేలకి అందవు, బల్ల అంచు చంకల దాకా వస్తుంది, భుజాలు పైకెత్తి రాయాలి. మనల్ని అలాంటి ఎత్తులో కూర్చోబెడితే మనమూ కుదురుగా కూర్చోలేం. అందుకే కుదురు సంగతి తర్వాత, ముందు కొలతలు. ఇంట్లో వేరే గది అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు, రెండు గదుల అద్దె పోర్షన్‌లో కూడా చేయొచ్చు, నేను చెప్పేదంతా అలాంటి ఇళ్లని దృష్టిలో పెట్టుకునే.

మొదటి పని: పిల్లల కొలతలు

మూడే కొలతలు. చెప్పులు లేకుండా గోడకి ఆనించి నిలబెట్టి మొత్తం ఎత్తు. తర్వాత ఒక స్టూల్ మీద కూర్చోబెట్టి, పాదాలు నేల మీద పూర్తిగా ఆనేలా చూసి (ఆనకపోతే కింద పుస్తకాలు పెట్టి), పాదం కింద నుంచి మోకాలి వెనక మడత దాకా. మూడోది, చేయి పక్కకి వదిలి మోచేతి దగ్గర మడిచినప్పుడు కూర్చున్న చోటు నుంచి మోచేతి దాకా ఎంత ఎత్తుందో అది.

ఇక లెక్క సులువే, కుర్చీ ఎత్తు రెండో కొలతంత ఉండాలి, బల్ల ఎత్తు కుర్చీ మీద నుంచి మోచేతి ఎత్తుకి ఓ అంగుళం, అంగుళంన్నర అటూ ఇటూగా ఉండాలి. అప్పుడు పాదాలు నేల మీద, మోకాళ్లు మడతలో, మోచేతులు బల్ల మీద, భుజాలు కిందకి వదిలేసి ఉంటాయి.

కొలిచే ఓపిక లేకపోతే యూరప్‌లో స్కూల్ బల్లలకి వాడే కొలతలు ఉన్నాయి, అవి చూస్కోండి. 108 నుంచి 121 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకి కుర్చీ 31, బల్ల 53 సెంటీమీటర్లు. 119 నుంచి 142 దాకా ఉంటే కుర్చీ 35, బల్ల 59. 133 నుంచి 159 వాళ్లకి కుర్చీ 38, బల్ల 64. 146 దాటాక కుర్చీ 43, బల్ల 71 సరిపోతాయి. మధ్యలో రెండు సైజుల్లోకీ వచ్చే పిల్లలు ఉంటారు, వాళ్లని రెండింట్లో కూర్చోబెట్టి చూసి ఏది హాయిగా ఉందో అడగండి, వాళ్లే చెప్తారు. మన ఇళ్లల్లో డైనింగ్ టేబుల్ మామూలుగా 75 సెంటీమీటర్లు, అంటే 30 అంగుళాలు ఉంటుంది, మూడో క్లాసు పిల్లకి కావాల్సిన దానికన్నా అరడుగు ఎక్కువ.

డైనింగ్ టేబులే దిక్కయితే

చాలా ఇళ్లల్లో ఇదే పరిస్థితి, ఇంకో బల్ల వేసే చోటు ఉండదు. ఏం ఫర్లేదు, బల్లని దించలేం కాబట్టి పిల్లని పైకి తెద్దాం. ఉదాహరణకి 125 సెంటీమీటర్ల పాప అనుకోండి. పైన చెప్పిన ప్రకారం తనకి కుర్చీకీ బల్లకీ మధ్య తేడా 24 సెంటీమీటర్లు ఉండాలి, అంటే తొమ్మిదిన్నర అంగుళాలు. బల్ల 30 అంగుళాలైతే పాప కూర్చునే ఎత్తు ఇరవైన్నర అంగుళాలు కావాలి. మీ కుర్చీ 17 అంగుళాలు ఉందనుకుంటే ఇంకో మూడున్నర అంగుళాలు పైకి లేపాలి. దీనికి మెత్తటి దిండు వద్దు, కూర్చోగానే సగానికి దిగిపోతుంది, పైగా పక్కకి జారుతుంది. కుర్చీ సైజుకి ప్లైవుడ్ ముక్క కోయించి దాని మీద గట్టి ఫోమ్ ముక్క అతికించి గుడ్డ తొడిగితే చాలు, పరుపులు కుట్టే వాళ్ల దగ్గర గట్టి ఫోమ్ ముక్కలు దొరుకుతాయి. దాన్ని కుర్చీకి నాడాలతో కట్టేయండి, కదలదు.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. పాపని పైకి లేపాం, ఇప్పుడు కాళ్లు ఇంకా ఎక్కువ గాల్లో వేలాడుతున్నాయి. కాళ్లు వేలాడుతుంటే తొడల కింద కుర్చీ అంచు నొక్కుతుంది, తిమ్మిర్లెక్కుతాయి, అందుకే కాలు మడిచి కింద పెట్టుకోవడం, జారిపోయి కూర్చోవడం. పాప కూర్చునే ఎత్తు ఇరవైన్నర, తన కాలు మోకాలి మడత దాకా 14 అంగుళాలు, కాబట్టి కింద ఆరున్నర అంగుళాల ఎత్తు పీట ఒకటి కావాలి. ఇంట్లో పాత పీట ఉంటే దాని కింద చెక్క ముక్కలు కొట్టించండి, లేదా పాత న్యూస్‌పేపర్లు సరిగ్గా అంత ఎత్తుకి పేర్చి తాడుతో గట్టిగా కట్టి పైన గోనె గుడ్డ చుట్టేయండి, ఇది చాలా బాగా పనిచేస్తుంది, బరువుంటుంది కాబట్టి తన్నినా జరగదు. మా పక్కింటి బాబుకి వాళ్లమ్మ ఇలాగే కట్టి పెట్టింది. పీట పెట్టిన సాయంత్రం వాడు లేవకుండా ఎక్కాలు రెండు పేజీలు రాశాడు, వాళ్లమ్మ వచ్చి "వీడికేమైనా ఒంట్లో బాలేదేమో వదినా" అని నన్ను అడిగింది.

వీపు విషయం కూడా ఉంది. పెద్ద కుర్చీలో పిల్లలు వెనక్కి ఆనితే కాళ్లు చాచాల్సి వస్తుంది, ముందుకి జరిగితే వీపుకి ఆధారం ఉండదు. వెనక ఒక దుప్పటిని గట్టిగా చుట్టి కట్టేస్తే సరిపోతుంది. చక్రాల కుర్చీ మాత్రం చిన్న పిల్లలకి వద్దనే చెప్తాను, అది బండి అయిపోతుంది, హోంవర్క్ అవ్వదు.

కింద కూర్చుని రాసే పిల్లలు

మఠం వేసుకుని కింద కూర్చోవడం మనకి అలవాటే, అందులో తప్పేం లేదు, తప్పల్లా నేల మీద పుస్తకం పెట్టుకుని నడుం వంచి రాయడంలో ఉంది. తల పుస్తకం మీదకి వాలిపోతుంది, మెడ లాగుతుంది, కళ్లు కాగితానికి జానెడు దూరంలోకి వచ్చేస్తాయి. పూర్వం కొట్లలో గుమస్తాలు కింద కూర్చుని లెక్కలు రాసేవాళ్లు గుర్తుందా, వాళ్ల ముందు ఏటవాలుగా ఉండే చిన్న డెస్క్ ఉండేది, అదే మనకి కావాల్సింది. వడ్రంగికి చెప్తే ఒక్క పూటలో చేసిస్తాడు. అడుగున్నర వెడల్పు, అడుగు లోతు, పిల్లాడికి ఎదురుగా ఉండే అంచు వాడి మోచేతి ఎత్తుకి, అవతలి అంచు దానికన్నా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఎత్తులో. కింది అంచుకి సన్నటి చెక్క పట్టీ కొట్టించండి, పెన్సిళ్లు దొర్లిపోకుండా. మోకాళ్లు డెస్క్ కిందకి పట్టేలా చూసుకోవాలి, లేకపోతే దూరంగా కూర్చుని మళ్లీ వంగుతాడు.

వడ్రంగి దాకా వద్దనుకుంటే, బజార్లో దొరికే మడతపెట్టే లాప్‌టాప్ బల్ల తీస్కోండి, దాని మీద పరీక్షలకి తీసుకెళ్లే అట్ట పెట్టి వెనకవైపు రెండు లావుపాటి పుస్తకాలు దూర్చండి, ఏటవాలు వచ్చేసింది. కూర్చునే చోట దుప్పటిని నాలుగైదు మడతలేసి దాని అంచు మీద కూర్చోబెట్టండి, నడుం మోకాళ్ల కన్నా కాస్త ఎత్తులో ఉంటే వీపు దానంతటదే నిటారుగా వస్తుంది. వీపుకి గోడ ఉంటే ఇంకా మంచిది.

రాసేటప్పుడు పుస్తకం ఎంత దూరంలో ఉండాలి అనేదానికి ఒక గుర్తు, పిల్లాడు పిడికిలి గడ్డం కింద పెట్టుకుని మోచేతిని పుస్తకం మీద ఆనిస్తే ఎంత దూరం వస్తుందో అంత. కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా మాటిమాటికీ పుస్తకం మీదకి వంగుతున్నాడంటే సైట్ ఉందేమో కళ్ల డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం చేయకండి.

చోటు ఎక్కడ

పదేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా గదిలో కూర్చుని రాయరు, మనమెంత అందంగా సర్దిపెట్టినా సరే పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరకి వచ్చేస్తారు. వాళ్లకి మనిషి అలికిడి కావాలి. కాబట్టి ఆ చోటు వంటింటికి వినపడేంత దూరంలో, హాల్లో ఏదో ఒక మూల చూడండి. గోడకి ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది, వీధి తలుపుకీ టీవీకీ ఎదురుగా వద్దు, వచ్చేపోయే వాళ్లందరినీ చూస్తూ ఉంటారు. ఎనిమిది, తొమ్మిది క్లాసులకి వచ్చాక వాళ్లే తలుపు వేసుకుంటామంటారు, అప్పుడు మంచం పక్కనో కిటికీ పక్కనో మార్చండి.

టీవీ సంగతి అసలు పెద్ద సమస్య. అత్తగారు సీరియల్ చూసే టైము, పిల్ల రాసే టైము ఒకటే అయితే ఇద్దరికీ ఇబ్బందే. పిల్ల ముందు కాకుండా విడిగా కూర్చుని "అత్తయ్యా, ఆరున్నర నుంచి ఏడున్నర దాకా టీవీ ఆపేద్దామా, మీరు దాని పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకోండి" అని అడిగి చూడండి. ఊరికే ఆపమంటే బాధపడతారు, పని అప్పజెప్తే చాలామంది పెద్దవాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు, పిల్లలకి కూడా నానమ్మ పక్కన ఉంటే ధైర్యం. ఇంట్లో పెద్దవాళ్ల చెవులకి వినపడక సౌండ్ పెంచుతుంటే హెడ్‌ఫోన్ కొనివ్వండి, స్టడీ లాంప్ కన్నా ముందు కొనాల్సిన వస్తువు అదే అవ్వొచ్చు.

వాస్తు ప్రకారం తూర్పుకో ఉత్తరానికో తిరిగి చదవాలంటారు, మీ ఇంట్లో నమ్మకం ఉంటే అలాగే పెట్టుకోండి, కానీ వెలుతురు చూస్కోకుండా దిక్కు కోసమే బల్ల తిప్పేసి నీడలో కూర్చోబెట్టొద్దు.

వెలుతురు, దీని మీద కాస్త ఎక్కువ టైం పెట్టండి

మన హాల్లో ట్యూబ్‌లైట్ ఒక గోడకి ఉంటుంది, పిల్లాడు ఎదుటి గోడ వైపు తిరిగి కూర్చుంటాడు, లైట్ వెనక నుంచి వచ్చి వాడి తల నీడ మొత్తం పుస్తకం మీద పడుతుంది. గది వెలుగ్గానే ఉంటుంది, పేజీ మాత్రం చీకటి. పరీక్ష చేయడం సులువు, సాయంత్రం పిల్లాడు రాస్తున్నప్పుడు వెనక నిలబడి పెన్సిల్ మొన దగ్గర చూడండి, అక్కడ నల్లటి నీడ ఉందంటే లైట్ తప్పు వైపు ఉందన్నమాట. కుడిచేత్తో రాసే వాళ్లకి ఎడమ పక్క నుంచి, ఎడమచేత్తో రాసే వాళ్లకి కుడి పక్క నుంచి వెలుతురు రావాలి. కిటికీ ఉన్నా ఇదే లెక్క, కిటికీ పక్కకి ఉండాలి, ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది, వెనక ఉంటే నీడ పడుతుంది.

లాంప్ కొంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క బల్లకి చాలు. డబ్బా మీద 6500 కె అని ఉంటే తెల్లగా నీలంగా ఉండే వెలుగు, 3000 కె అంటే పసుపు వెలుగు, మధ్యలో 4000 కె దొరికితే రాత్రిపూట రాసుకోడానికి కళ్లకి హాయిగా ఉంటుంది, నేనైతే అదే తీస్కోమంటాను. లాంప్ తల పిల్లాడి కంటి ఎత్తు కన్నా కిందకి వంచి పెట్టాలి, బల్బు నేరుగా కళ్లకి కనపడకూడదు. గదిలో పెద్ద లైటు కూడా వేసే ఉంచండి, చుట్టూ చీకటి చేసి పేజీ మీద ఒక్కటే వెలుగు పెడితే కళ్లు తొందరగా అలిసిపోతాయి.

ఇంకో రెండు విషయాలు ఎవరూ పట్టించుకోరు. ఒకటి, లైటుకీ బల్లకీ మధ్యలో సీలింగ్ ఫ్యాన్ వచ్చిందా చూడండి, రెక్కల నీడలు పేజీ మీద గిర్రున తిరుగుతుంటాయి, మనకి అలవాటైపోయి కనపడదు కానీ రాసేవాడికి చికాకు. రెండు, చవక బల్బులు కొన్ని సన్నగా వణుకుతుంటాయి, ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి బల్బు వైపు చూస్తే నల్లటి చారలు కదులుతూ కనపడతాయి, అలాంటిది బాత్రూంకి మార్చేసి ఇక్కడ మంచిది పెట్టండి. బల్ల మీద మైకా మెరిసేది ఉంటే లైట్ అద్దంలా కొడుతుంది, పైన ఒక గోధుమ రంగు అట్ట షీటు పరిచేయండి.

కరెంటు పోయే ఊళ్లల్లో చార్జింగ్ లాంప్ ఒకటి ఆ మూలలోనే ఉండాలి. ఫోన్ టార్చ్ నమ్ముకుంటే హోంవర్క్ అక్కడితో సరి, ఫోన్ చేతికొచ్చేస్తుంది కదా.

గోడకి మడత బల్ల

చోటు బొత్తిగా లేకపోతే తలుపులకి ఉండేలాంటి కబ్జాలతో గోడకి బిగించి వాడనప్పుడు కిందకి దించేసే బల్ల చేయించుకోవచ్చు, 18 ఎంఎం ప్లైవుడ్, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటే లాంగ్ నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని పక్కన టెక్స్ట్‌బుక్ పెట్టుకునేంత చోటు వస్తుంది. మూలలు గుండ్రంగా కోయించండి. అద్దిల్లయితే గోడకి రంధ్రాలు పెట్టే ముందు ఓనర్‌ని అడగండి, మడత బ్రాకెట్లు బిగించేటప్పుడు రెండు ఎత్తుల్లో రంధ్రాలు ఒకేసారి పెట్టించుకుంటే పిల్ల పెరిగాక పైకి మార్చుకోవచ్చు.

సామాన్లు

కూర్చున్న చోటు నుంచి లేవకుండా పెన్సిల్, రబ్బరు, షార్ప్‌నర్, స్కేలు, గమ్ము అందాలి. ప్రతి దానికీ లేస్తే ఒక్కో లేవడానికి పది నిమిషాలు పోతుంది, దారిలో ఫ్రిజ్ ఉంటుంది, తమ్ముడుంటాడు. పాత స్వీట్ డబ్బా ఒకటి చాలు వీటికి. చెక్కుళ్లు పడేయడానికి చిన్న డబ్బా పక్కనే పెట్టండి. నీళ్ల బాటిల్ మాత్రం బల్ల మీద వద్దు, పక్కన కింద పెట్టండి, తడిసిన నోట్‌బుక్ మళ్లీ మొత్తం రాయాల్సి వస్తే ఆ ఏడుపు చూడలేం.

స్కూల్ బ్యాగుకి గోడకి పిల్లాడి భుజం ఎత్తులో గట్టి కొక్కెం కొట్టండి. బల్ల కింద బ్యాగులూ అట్టపెట్టెలూ తోసేయొద్దు, కాళ్లకి చోటుండదు, ఆ చీకట్లోనే దోమలు చేరతాయి, సాయంత్రం కాళ్లు గోక్కోవడంతోనే సరిపోతుంది. పాత క్లాసు పుస్తకాలు సజ్జ మీదకి ఎక్కించేయండి. పుస్తకాల అర వర్షానికి తడిసే బయటి గోడకి ఆనించకండి, చెమ్మ పడుతుంది, తర్వాత చెదలు.

వాట్సాప్‌లో వచ్చే హోంవర్క్

ఇప్పుడు చాలా స్కూళ్లు హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనో యాప్‌లోనో పెడుతున్నాయి, దాంతో హోంవర్క్ అంటే ఫోన్ చేతిలోకి రావడం అయిపోయింది. నా మాట విని ఒక చిన్న వైట్ బోర్డు బల్ల ఎదురుగా గోడకి పెట్టండి, పలకైనా చాలు. స్కూల్ నుంచి రాగానే మీరో పిల్లాడో ఫోన్ చూసి ఆ రోజు పని మొత్తం బోర్డు మీద రాసేయండి, తెలుగు 14వ పేజీ, లెక్కలు 3వ అభ్యాసం, ఇలా, తర్వాత ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. అయిపోయిందల్లా పిల్లాడే తుడిచేస్తాడు, బోర్డు ఖాళీ అయితే వాడి పని అయిపోయినట్టే. "ఇంకా ఎంతుందమ్మా" అనే ప్రశ్న తగ్గుతుంది, ఎందుకంటే ఎదురుగానే కనపడుతుంది కదా.

టైం విషయానికొస్తే, స్కూల్ నుంచి రాగానే కూర్చోబెట్టకండి. ఏదైనా తిని, చీకటి పడేలోపు కాసేపు బయట ఆడుకోనివ్వండి, బయట వెలుతురులో గడిపే పిల్లలకి దగ్గర సైట్, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనపడే సైట్, వచ్చే అవకాశం తగ్గుతుందని కళ్ల డాక్టర్లు చెప్తున్నారు. రాయడం మొదలుపెట్టాక 20 నిమిషాలకోసారి తలెత్తి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడమనండి, ఎదురింటి మేడ మీద వాటర్ ట్యాంకు అయినా సరే. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో క్లాసు దాకా హోంవర్కే వద్దని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దని, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకి ఒక గంట, పైన రెండు గంటలు అని ఉంది. మీ పిల్లకి దీనికన్నా చాలా ఎక్కువ అవుతుంటే అది చోటుతో తీరే సమస్య కాదు, పేరెంట్స్ మీటింగ్‌లో నెమ్మదిగా అడగండి.

ఇద్దరు పిల్లలుంటే

ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, బల్ల కింద కాళ్ల యుద్ధం అవుతుంది. ఒకే గోడకి పక్కపక్కన, మధ్యలో పుస్తకాల అర పెడితే చాలు. ఇద్దరికీ ఒకే ఎత్తు బల్ల సరిపోదు, పెద్దవాడి ఎత్తుకి బల్ల పెట్టి చిన్నదానికి ఫోమ్ మెత్తా పీటా ఇవ్వండి. ఒకరు ఎడమచేతి వాటం అయితే వాళ్లని ఎడమ చివర కూర్చోబెట్టండి, లేకపోతే మోచేతులు తగులుకుంటాయి.

చివరిగా సరిచూసుకోవడం

అంతా పెట్టాక మొదటి వారం ఏమీ అనకుండా చూడండి. పిల్లాడు రాస్తూ ఉండగా పక్క నుంచి ఫోన్‌లో ఒక ఫోటో తీస్కోండి, వాడికి తెలియకుండా, తెలిస్తే నిటారుగా కూర్చుంటాడు. ఫోటోలో పాదాలు ఆనాయా, భుజాలు చెవుల దాకా లేచాయా, పుస్తకానికీ ముఖానికీ దూరం ఎంతుంది చూడండి. భుజాలు లేస్తే ఇంకో అర అంగుళం కూర్చునే ఎత్తు పెంచండి, వీపు వంగితే బల్ల ఎత్తు చాల్లేదని, అట్ట కింద ఇంకో పుస్తకం పెట్టండి. ఏం బాగుందో ఏం బాలేదో వాడినే అడగండి, గోడకి ఏ బొమ్మ అంటించాలో కూడా వాడినే ఎంచుకోమనండి.

ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, కాబట్టి జూన్‌లో బళ్లు తెరిచే ముందు ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి మళ్లీ టేపు తీయండి. న్యూస్‌పేపర్ల పీటయితే ఓ అంగుళం కాగితాలు తీసేసి మళ్లీ తాడు కట్టేస్తే అయిపోతుంది.